చల్లగా ఉన్న ముందు చక్రాలు

బ్రేకు తొందరగా అరిగిందంటే మా వర్క్‌షాపులో అందరి నోటా మొదట వచ్చే ప్రశ్న ఒకటే, "ఎవడు నడిపిండు?" అని. బండికి ఏమైందని అడిగేవాడు ఆ తర్వాత ఎప్పుడో వస్తాడు. ఒక్కోసారి రానే రాడు. ఓపెన్‌కాస్టు గనుల్లో మట్టి, బొగ్గు మోసే పెద్ద డంపర్లకు మరమ్మతులు చేస్తూ నా ఉద్యోగమంతా గడిచింది. ఈ ప్రశ్న వినని షిఫ్టు నాకు గుర్తు లేదు.

ఇప్పుడు గోదావరిఖనిలో ఇంటి ముందు కూర్చుంటే, షిఫ్టు దిగి ఆటోల కోసం నిలబడ్డ కుర్రాళ్ల మాటలు వినబడతాయి. బండ్లు మారాయి, ఆ ప్రశ్న మారలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, రిటైర్మెంటు నాడు ఎవరు ఏం పొగిడారు అనేవి ఇందులో ఉండవు. ఆ రోజు కప్పిన శాలువాను మా ఆవిడ కుట్టుమిషను మీద కప్పింది, దానికి అంతకంటే మంచి పని లేదు. ఒక పాత డంపర్ వెనక బ్రేకుల గురించి, దాన్ని నడిపిన ఇద్దరు అన్నదమ్ముల గురించి రాస్తాను. ఇది సంతోషంగా ముగిసేది కాదు, ముందే చెబుతున్నాను.

పానా పట్టక ముందు

నేను పని నేర్చుకున్నది బెల్లంపల్లి వైపు ఒక వర్క్‌షాపులో. అక్కడ మా ఫోర్‌మన్ నోరు మంచిది కాదు. పొద్దున వస్తూనే తిట్లతో మొదలుపెట్టేవాడు. కానీ ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. బ్రేకు కంప్లైంటుతో బండి వస్తే ఎవరినీ పానా పట్టనిచ్చేవాడు కాదు. "ముందుగాల నాలుగు హబ్బుల మీద చెయ్యి పెట్టి రా. ఏది కాలుతున్నది, ఏది సల్లగున్నది చెప్పు. గది తెల్వకుండ విప్పితే నీ చేతులు విరగ్గొడ్త," అనేవాడు.

బ్రేకు పని చేస్తే చక్రం నడుమ ఉండే హబ్బు వేడెక్కుతుంది. ఇందులో పెద్ద చదువేమీ లేదు. కాలుతున్న చక్రం దగ్గర అందరూ గుమికూడతారు, ఎందుకంటే అక్కడ వాసన వస్తుంది, పొగ కనబడుతుంది. చల్లగా ఉన్న చక్రం ఎవరినీ పిలవదు. నేర్చుకోవలసింది దాని దగ్గరికి వెళ్లడమే. ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది.

బెల్లంపల్లి వైపు గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మమ్మల్ని తలా ఒక చోటుకు పంపారు. నన్ను రామగుండం దగ్గరి ఓపెన్‌కాస్టు వర్క్‌షాపులో వేశారు, సెంటినరీ కాలనీలో క్వార్టరు ఇచ్చారు. అప్పటికి నేనే ఫోర్‌మన్‌ను. నా నోరు కూడా మా పాత ఫోర్‌మన్ నోరులాగే తయారైంది.

ఎవరూ ఎక్కని డంపర్

కొత్త చోట నేను మొదట విన్న సంగతి ఆ డంపర్ గురించే. పాత మోడల్, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. నేను రాకముందు ఒక వానాకాలం, పొద్దుటి షిఫ్టులో, నిండు మట్టితో ర్యాంపు దిగుతూ అది గట్టు దాటి కింద పడింది. తవ్విన గుంతను తిరిగి మట్టితో నింపుతున్న రోజులు అవి, కాబట్టి బరువుతో దిగువకు పోవాలి. నడుపుతున్న సమ్మయ్య అక్కడికక్కడే పోయాడు. ఎంక్వైరీ జరిగింది. ర్యాంపు మీద టైర్లు ఈడ్చుకుపోయిన గుర్తులు ఎక్కడా లేవు. అంటే బ్రేకు వేయలేదు, బ్రేకు వేయలేదంటే నిద్రపోయాడు, అని తేల్చారు.

ఆ నిద్రకు ఒక కారణం కూడా దొరికింది. ముందు రోజు రాత్రి సమ్మయ్య దవాఖానలో ఉన్నాడు. ఆయన భార్య సారక్క తండ్రికి ప్రాణం మీదికి వస్తే తోడుగా కూర్చున్నాడు. పొద్దున్నే అటునుంచి అటే డ్యూటీకి వెళ్లాడు. "నువ్వే నా కొడుకును నిద్ర లేకుండ పంపినవు," అని సమ్మయ్య చావు రోజే అత్త ఆమెను అందరి ముందూ అన్నదట. సారక్కకు భర్త ఉద్యోగం బదులు మా వర్క్‌షాపు స్టోరులోనే పని ఇచ్చారు. బోల్టులు కడిగేది, పాత బట్టలు చింపి తుడుపు గుడ్డలు చేసేది. మిగతా ఆడవాళ్లతో కలిసి టిఫిన్ డబ్బా తెరవగా నేను ఎప్పుడూ చూడలేదు. ఒకసారి ఊరికే కలుపుకుందామని పలకరిస్తే, "నా వల్లనే పోయిండు కాకా, నేనే పొమ్మన్న డ్యూటీకి. నాగా పెట్టకు అన్న," అంది. ఎవరో వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

డంపర్ను బాగు చేశారు, కొత్త క్యాబిన్ బిగించారు, పైనుంచి కిందిదాకా మళ్లీ రంగు వేశారు. కానీ ఆపరేటర్లు ఎవరూ దాన్ని ఎక్కలేదు. నిమ్మకాయలు కట్టారు, కొబ్బరికాయలు కొట్టారు, అయినా ఎక్కలేదు. చివరికి ఎక్కినవాడు సమ్మయ్య తమ్ముడు ఓదెలు. ఎందుకు ఎక్కావురా అంటే, "మా అన్న నడిపిన బండి. నాకేం భయం," అన్నాడు.

అరుగుతున్నది ఎవరి వల్ల

ఓదెలు చేతికి వచ్చాక ఆ బండి వెనక బ్రేకు లైనర్లు, అంటే డ్రమ్మును ఒరిసి చక్రాన్ని ఆపే పట్టీలు, నిలవలేదు. వేరే డంపర్లకు మూడుసార్లు అరిగేలోపు దీనికి పదిసార్లు అరిగేవి. మారుస్తాం, కొన్నాళ్లకే మళ్లీ రివెట్లు డ్రమ్మును గీస్తూ కీచుమనేవి. బండి వర్క్‌షాపులో పడి ఉంటే పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. మా ఇంజినీరు కోస్తా నుంచి వచ్చినవాడు, చెడ్డవాడు కాదు, పని తెలిసినవాడే. కానీ ఫోన్లకు జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. ఓదెలు బ్రేకు మీద కాలు పెట్టుకుని నడుపుతున్నాడని, వాణ్ని స్టీరింగు మీది నుంచి తీసి జనరల్ మజ్దూర్ పనిలో వేస్తామని చార్జిషీటు తయారు చేయించాడు.

అలా నడిపేవాళ్లు లేరని నేను అనను. వానాకాలం గమ్‌బూట్లు వేసుకుని, కాలు ఎత్తలేక పెడలు మీదనే వదిలేసి, డ్రమ్ములు మాడ్చి, పైగా మమ్మల్నే తిట్టినవాళ్లను చూశాను. ఆపరేటర్ల తప్పు ఉన్నప్పుడు వాళ్లను నేను ఎప్పుడూ వెనకేసుకు రాలేదు. అందుకే నా దగ్గరికి రావడానికి వాళ్లకు భయం.

ఓదెలు మాత్రం వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"కాకా, నా స్టీరింగు గుంజుకుంటరట. మా అన్నను నిద్రబోయిండన్నరు, నన్ను బ్రేకులు తింటున్నడంటున్నరు. మా ఇంట్ల అందరం గింతేనా?"

"తింటున్నవా లేదా? గది చెప్పు."

"ఒక్క ట్రిప్పు నా ఎంబడి రా. నీ కండ్లతోని చూడు. నాది తప్పైతే నువ్వే రాసియ్యి, నేను మజ్దూర్ పనికే పోత."

ఒక ట్రిప్పు

అంతకుముందే వెనక భాగమంతా మేం రెండుసార్లు విప్పి చూశాం. లైనర్‌కు, డ్రమ్ముకు మధ్య ఖాళీ సరిగ్గా ఉంది. స్ప్రింగులు వెనక్కి లాగుతున్నాయి. సిలిండర్లు పట్టేయడం లేదు. హ్యాండ్‌బ్రేకు వదిలినప్పుడు పూర్తిగా వదులుతోంది. చక్రం పైకి లేపి తిప్పితే అడ్డు లేకుండా తిరిగింది. వెనక ఏ తప్పూ లేదు, అరిగేది మాత్రం వెనకే. అందుకే అందరి వేళ్లూ డ్రైవర్ వైపు తిరిగాయి. నాది కూడా సగం తిరిగింది.

ఓదెలు పక్కన కూర్చుని వెళ్లాను. మట్టి తవ్వి డంపర్లలో పోసే షావల్ దగ్గర లోడు నింపుకున్నాడు. ర్యాంపు మొదట్లోనే చిన్న గేరు వేశాడు, రిటార్డర్ లాగాడు, అంటే బండి తన వేగాన్ని తానే పట్టుకునే ఏర్పాటు. పెడలు ఎక్కడ తొక్కాలో అక్కడే తొక్కాడు, వదలాల్సిన చోట వదిలాడు. తడి రోడ్డు మీద ముందు బ్రేకును తగ్గించే మీట ఒకటి ఉంటుంది, అది కూడా ఎండాకాలం ఉండవలసిన చోటే ఉంది. నేను తిట్టడానికి ఒక్క అవకాశం ఇవ్వలేదు. వాడి అన్న పడిన మలుపును కూడా అలాగే దాటించాడు.

కింద మట్టి పోసి బండి పక్కకు ఆపాడు. దిగాను. వెనక చక్రాల దగ్గర వేడికి నిలబడలేకపోయాను, మాడిన లైనర్ వాసన. ముందుకు వచ్చి అలవాటు కొద్దీ ముందు హబ్బు మీద చెయ్యి పెట్టాను. కొత్త కుండలో నీళ్లలాగా చల్లగా ఉంది. అవతలిది పట్టుకున్నాను. అదీ అంతే. బ్రేకు పట్టిన చక్రం అలా ఉండదు.

మా పాత ఫోర్‌మన్ ఉంటే నా చేతులు విరగ్గొట్టేవాడు. రెండుసార్లు వెనక విప్పిన మేము, ముందు చక్రాలను ఎందుకు తాకలేదు? ఎందుకంటే ముందు లైనర్లు కొత్తవాటిలాగా ఉన్నాయి. ప్రతి చెకింగులో వాటిని చూసి "బాగున్నాయి" అనుకుంటూ వదిలేశాం. పని చేయనిది బాగానే ఉంటుంది. పని చేసేదే అరుగుతుంది. కొత్తగా వచ్చేవాళ్లు నా నుంచి ఒక్కటే తీసుకోదలిస్తే ఇది తీసుకోండి, బండ్లలోనైనా మనుషుల్లోనైనా.

డమ్మీ

బండిని వర్క్‌షాపుకు తెచ్చి, ముందు చక్రం దగ్గర గాలి తీసే స్క్రూ వదులు చేసి ఓదెలును పెడలు తొక్కమన్నాను. ఆయిల్ చిమ్మాలి. ఒక్క చుక్క రాలేదు. పైపు వెంబడి వెనక్కి వెళ్లాను. క్యాబిన్ కింద, ముందు రెండు చక్రాలకూ పైపు చీలే చోట, గట్టిపడిన మట్టి గోకితే ఒక బోల్టు బయటపడింది. పైపు నోట్లో రాగి వాషర్ వేసి బిగించిన బోల్టు.

దీన్ని మా దగ్గర డమ్మీ కొట్టడం అంటారు. ముందు పైపు కారుతుంది. స్పేరు ఉండదు. షావల్ దగ్గర డంపర్లు చాలక పైనుంచి ఒత్తిడి. "డమ్మీ కొట్టి పంపు, రేపు స్పేరు వస్తది, అప్పుడు తీద్దాం," అంటాడు ఎవరో ఒకరు. ముందు, వెనక పైపులు వేరువేరు కాబట్టి ముందుది మూసినా పెడలు గట్టిగానే ఉంటుంది, ఆపరేటర్‌కు తెలియదు. బండిని ర్యాంపు మీద నిలబెట్టి చేసే పరీక్షలో వెనక బ్రేకులే ఆపేస్తాయి, చెకింగుకూ తెలియదు. షిఫ్టు మారుతుంది. కొట్టినవాడు సెలవు మీద పోతాడు, లేదా బదిలీ అవుతాడు. ఆ రేపు రాదు. బోల్టు మీద మట్టి పడుతుంది.

మట్టి ఒక్కటే కాదు, దాని మీద రంగు కూడా ఉంది. అక్కడ నా చెయ్యి ఆగింది. గోటితో గీకాను. పైన ప్రమాదం తర్వాత వేసిన ముదురు పసుపు. దాని కింద, అదే బోల్టు తల మీద, పాత లేత పసుపు. ప్రమాదానికి ముందు బండికి ఉన్న రంగు అది, మరమ్మతు చేసిన చోట మా వాళ్లు అద్దేది. ఆ బోల్టు ప్రమాదానికి ముందునుంచే అక్కడ ఉంది. సమ్మయ్య కూర్చున్న బండికి ముందు బ్రేకులు లేవు.

ఓదెలు క్యాబిన్లోంచి అడిగాడు. "ఏం దొరికింది కాకా?"

"దిగకు. జర ఆగు," అన్నాను.

నీలం తిరిగిన డ్రమ్ము

వర్క్‌షాపు వెనక ఒక పాడు జాగా ఉంది, విప్పిన ఇనుమంతా అక్కడే పడేస్తాం. ప్రమాదమైన బండి నుంచి తీసిన వెనక డ్రమ్ములు, బండి నంబరు కొట్టి ఉన్నవి, సర్కారు తుమ్మ పొదల్లో బోర్లా పడి ఉన్నాయి. పొర్లించి చూశాను. లోపలి ముఖం నీలంగా తిరిగి, జుట్టంత సన్నని పగుళ్లు పోయి ఉంది. పక్కనే పడి ఉన్న లైనర్లు మాడి గాజులాగా మెరుస్తున్నాయి. ఆ లైనర్లను ప్రమాదానికి ముందు వారమే, వానలో తడుస్తూ, కొత్తగా వేశామని మా ఫిట్టర్లు ఇద్దరు చెప్పారు. కొత్త లైనర్ అలా మాడాలంటే ఆ చివరి దిగుడులో, దిగినంతసేపూ, పెడలు అడుగంటా తొక్కి పట్టాలి. వేడి ఎక్కి పట్టు జారిపోయిన బ్రేకు చక్రాన్ని బిగించలేదు. బిగించని చక్రం రోడ్డు మీద గుర్తు వేయదు. గుర్తులు లేనిది ఆయన నిద్రపోయినందుకు కాదు.

ఇంజినీరును పిలిచాను. ఆయనే గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు, బోల్టును స్వయంగా గీకి చూశాడు. డ్రమ్ము దగ్గరికి వచ్చి వంగి, పగుళ్ల మీద వేలు పెట్టి చూశాడు. నేను విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

"ఓదెలు మీద చార్జిషీటు ఇప్పుడే చింపేస్తాను. ఆ లైను ఇవాళే బాగు చేయించండి," అన్నాడు.

"సమ్మయ్య సంగతి సార్?"

"అది మూసేసిన ఎంక్వైరీ, రాజలింగం గారూ. దాన్ని తెరిస్తే ఎవరెవరి మెడకు చుట్టుకుంటుందో మీకు తెలియదా? కొట్టినవాడు ఎవడో తెలియదు, కొట్టమన్నవాడు ఎవడో తెలియదు."

"సమ్మయ్య మెడకు చుట్టినప్పుడు ఇవన్నీ తెల్సినయా సార్?"

ఆయన చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది, ఇంటి దగ్గర ఆయనకూ పిల్లలున్నారు. కానీ అర్థమైనంత మాత్రాన క్షమించాలని లేదు కదా. నేను చూసింది చూసినట్టు పైవాళ్లకు రాసి పంపాను. యూనియన్ నాయకులకు చూపించాను. వాళ్లు వచ్చారు, డ్రమ్మును కాళ్లతో తట్టి చూశారు, గట్టిగా మాట్లాడతామన్నారు, చాయ్ తాగి పోయారు. పైనుంచి జవాబు రాలేదు. నేను రిటైరైన నాటికీ రాలేదు.

ముందు లైను బాగైంది. మొదటి ట్రిప్పు తర్వాత నాలుగు హబ్బులూ వెచ్చగా ఉన్నాయి. వెనక లైనర్లు మిగతా బండ్లతో సమానంగా మన్నాయి. ఓదెలు స్టీరింగు ఓదెలుకే ఉంది. బండి పాతబడి తుక్కు కింద పోయేదాకా వాడే నడిపాడు. నాకు మాత్రం పని పూర్తయినట్టు అనిపించలేదు.

సారక్క

కాగితం మీద మారకపోతే పోయింది, మనిషికైనా తెలియాలి అనుకున్నాను. నిజం చెప్పాలంటే, మంచి కబురు మోసుకెళుతున్నాననే అనుకున్నాను. ఇన్నేళ్లుగా ఆ పిల్ల నెత్తిన ఉన్న బరువు దించబోతున్నాను, అంతే కదా. ఓదెలుకు ముందే అంతా చెప్పి, మధ్యాహ్నం తిండి వేళ ఇద్దరం కలిసి సారక్కను ఆ తుప్పల దగ్గరికి తీసుకెళ్లాం. డ్రమ్మును పొర్లించి పెట్టాను.

"గిదేంది కాకా?"

"నీ పెనిమిటి బండి బ్రేకు డ్రమ్ము, బిడ్డా. గీ నీలం రంగు చూసినవా? బ్రేకు ఇడువకుండ తొక్కితేనే గిట్లయితది. ముందటి బ్రేకులు బండికి లేనేలేవు, మా వర్క్‌షాపోళ్లే మూసిండ్రు. గది ఆయనకు తెల్వది. ఎనక బ్రేకులతోని ఆపుదామని పైనుంచి కిందిదాక తొక్కి పట్టిండు. సమ్మయ్య నిద్రపోలే."

ఆమె ఓదెలు వైపు చూసింది. వాడు తలూపాడు. "అవును వదినె. అన్న నిద్రపోలేదు. నీ తప్పు లేదు. నిన్ను ఆ మాటన్న మా అవ్వకు నేను చెప్త."

సారక్క కింద కూర్చుంది. డ్రమ్ము మీది దుమ్మును కొంగుతో తుడిచింది. నీలం ఇంకా బాగా కనిపించింది. ఏడుస్తుందని చూశాను, ఏడవలేదు.

"నా వల్ల పోయిండని రోజూ ఏడ్చిన కాకా. కానీ ఒక్కటి ధైర్యం చేసుకున్న. నిద్రల పోయిండు, ఏం తెల్వకుండ పోయిండు, బాధ లేదు, భయం లేదు అని. గదొక్కటే అనుకొని పండుకునేదాన్ని."

ఓదెలు పక్కకు తిరిగి నిలబడ్డాడు. బ్రేకుల గురించి ఇంత ఆలోచించినవాణ్ని, ఇది ఆలోచించలేదు.

"కిందిదాక తొక్కిండంటివి," అంది సారక్క డ్రమ్ము మీద చెయ్యి తీయకుండానే. "ఎంతసేపు తొక్కిండు కాకా?"

ఆ ర్యాంపు పొడవు నాకు తెలుసు. నిండు బరువుతో ఆ వాలులో బండి ఎంత వేగం అందుకుంటుందో తెలుసు. గట్టు దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుందో ఓదెలు పక్కన కూర్చుని వెళ్లిన రోజే నా మనసులో లెక్క తేలిపోయింది.

నాకు తెలియదని చెప్పాను.